పరుగెత్తకుండా మానేసిన గవర్రాజు

మా గోనెసంచుల అభివృద్ధి సంస్థకు కొత్తగా ఎం.డి.గా వచ్చిన చక్రధర్ గారు జీవితంలో ఒక్క సిగరెట్టూ ముట్టనివారు, ఒక్క ఉదయమూ పరుగు మాననివారు. ఈ రెండు సంగతులకూ ఏదో సంబంధం ఉండి తీరాలని ఆయనకు ఏలూరు కాలువగట్టు మీద పరుగెడుతుండగా తట్టింది. ఆ ఉదయం గట్టు మీద కనిపించినవాళ్ళందరినీ ఆయన జాగ్రత్తగా పరిశీలించారు. పరుగెత్తేవాళ్ళలో ఒక్కరి నోట్లోనూ సిగరెట్టు లేదు. వంతెన దగ్గర టీ బంకు బల్ల మీద కూర్చున్నవాళ్ళలో దాదాపు అందరి నోట్లోనూ ఉంది.

ఆఫీసుకు రాగానే సంక్షేమాధికారి నరహరి గారిని పిలిపించారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో సర్క్యులర్లు టైపు చేసేవాణ్ణి కాబట్టి నన్నూ పిలిపించారు.

"కూర్చున్నవాడు తాగుతున్నాడు. పరుగెత్తేవాడు తాగడం లేదు. అలాంటప్పుడు కూర్చున్నవాణ్ణి లేపి పరుగెత్తిస్తే ఏమవుతుంది?" అని అడిగారు ఎం.డి. గారు.

"మానేస్తాడు సార్," అన్నారు నరహరి గారు. ఎం.డి.లు అడిగే ప్రశ్నలకు జవాబులు ఆ ప్రశ్నల్లోనే దాగి ఉంటాయని తన సర్వీసులో ఆయన కనిపెట్టిన సత్యం.

పరుగెత్తేవాళ్ళు మొదటినుంచీ తాగనివాళ్ళేమో, తాగి తాగి ఊపిరాడనివాళ్ళే బల్ల మీద కూర్చుండిపోయారేమో అన్న అనుమానం నాకు వచ్చింది. అయితే అది సర్క్యులర్లో పట్టే అనుమానం కాదు. నరహరి గారు చెప్పిన ప్రకారమే టైపు చేశాను.

"పైన ఉదహరించిన విషయమును పురస్కరించుకొని సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ధూమపాన విముక్తికై వ్యాయామ పథకము తక్షణమే అమలులోనికి వచ్చుచున్నది. ధూమపాయులైన ఉద్యోగులు ప్రతి ఉదయము గిడ్డంగి ఆవరణలో పరుగెత్తవలెను. అట్లు పరుగెత్తినవారికి ఒక గంట ఆలస్యముగా విధులకు హాజరగు వెసులుబాటు, ఒక ఉడికించిన కోడిగుడ్డు, ఒక అరటిపండు ఇవ్వబడును."

ఈ ప్రోత్సాహకాల పేరా ఎం.డి. గారి స్వదస్తూరీతో చేర్చినది. అక్కడినుంచే పథకం ఊపందుకుంది.

వారం తిరిగేసరికి మా ఆఫీసులో ఇంతమంది సిగరెట్లు తాగుతున్నారా అని నేనే ఆశ్చర్యపోయాను. పాన్‌పరాగ్ వాసనకే ముక్కు మూసుకునే క్యాషియరు గారు ధూమపాయినని రాసిచ్చారు. అయ్యప్ప మాలలో ఉన్న గుమాస్తా రాసిచ్చాడు. అందరికన్నా ముందు రాసిచ్చింది అకౌంట్స్ సెక్షన్ నాగసుభద్ర గారు.

నరహరి గారు ఆమె ధ్రువీకరణ పత్రాన్ని రెండుసార్లు చదివారు.

"అమ్మా, మీరు కూడానా?"

"ఆయ్, రోజుకో పెట్టండి," అంది నాగసుభద్ర గారు నెమ్మదిగా.

"ఎప్పుడూ చూడలేదే."

"ఆడవాళ్ళం కదండీ, చాటుగా కానిచ్చేత్తాం."

నరహరి గారు సంతకం పెట్టారు. తాగేవాళ్ళు ఎంతమంది ఉంటే పథకానికి అంత ఘనత అని ఆయనకు అప్పటికే అర్థమైంది. కారిడార్లో నేను ఆమెను ఆపి ఇదేమిటని అడిగాను. "పిల్లదాని బడి బస్సు వచ్చే టైమూ మన ఆఫీసు టైమూ ఒకటేనండి. గంట దొరికితే దాన్ని ఎక్కించి రావచ్చు కదా," అంది. నిజానికి ఆమె పరుగు కూడా బాగానే పరుగెత్తేది. చీర కుచ్చెళ్ళు దోపుకుని గిడ్డంగి చుట్టూ తిరిగి, గుడ్డు డబ్బాలో పెట్టుకుని, బస్సు వేళకు ఇంటికి చేరేది.

కష్టమంతా నిజంగా తాగేవాళ్ళకు వచ్చింది. జీపు డ్రైవరు ఏడుకొండలు గిడ్డంగి చుట్టూ ఒక్క చుట్టు తిరిగేసరికి గోనె బస్తాల మీద వాలిపోయేవాడు. మొదటివారం చివర నరహరి గారు కాగితం పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళి, పరుగెత్తుతున్నప్పుడు సిగరెట్టు తాగాలనిపిస్తోందా అని అడిగారు.

"పరుగెత్తినంతసేపూ అసలు గుర్తే రాదండి," అన్నాడు ఏడుకొండలు రొప్పుతూ. "ప్రాణం గుర్తొస్తదండి. ఊపిరి కుదురుకున్నాక మటుకు రెండు కాల్చాలనిపిత్తదండి."

"వ్యాయామ సమయమున ధూమపాన వాంఛ పూర్తిగా నశించుచున్నది" అని నరహరి గారు రాసుకున్నారు. ఊపిరి కుదురుకున్న తరువాతి సమయం వ్యాయామ సమయం కాదు కనుక అది నివేదిక పరిధిలోకి రాదని నాకు వివరించారు. ఆ తరువాతి సమయమంతా గేటు ముందు వీరాస్వామి కిళ్ళీకొట్టు పరిధిలోకి వచ్చింది. పథకం మొదలైన దగ్గరనుంచి తన వ్యాపారం పుంజుకుందని వీరాస్వామి ఎం.డి. గారికి నమస్కారం పెట్టేవాడు. ఆయన అది పథకం పట్ల ప్రజాదరణ అనుకునేవారు.

నెమ్మదిగా, తాగేవాళ్ళలో ఎక్కువమంది పరుగుకు రావడం మానేశారు. వాళ్ళ పేర్లు తీసేయాలా ఉంచాలా అని అడిగితే నరహరి గారు నావైపు జాలిగా చూశారు.

"రానివాడు పథకంలో ఉన్నాడా?"

"లేడండి."

"పథకంలో లేనివాడు సిగరెట్టు మానకపోతే అది పథకం తప్పా?"

"కాదండి."

"మరి తీసేయండి."

తీసేయగా తీసేయగా మిగిలినవాళ్ళలో నాగసుభద్ర గారు, క్యాషియరు గారు, అయ్యప్ప మాల గుమాస్తా, వాళ్ళలాంటి మరికొందరు, పైగా తాగుతూనే పరుగుకొచ్చే ఏడుకొండలు లాంటి ఇద్దరు ముగ్గురు మొండి ప్రాణాలు. ఆర్నెల్లు గడిచాక చూసుకుంటే పథకంలో నిలిచినవాళ్ళు దాదాపు అందరూ సిగరెట్టు ముట్టడం లేదు. ఇంత గొప్ప ఫలితం ఏ సంస్థా సాధించలేదని ఎం.డి. గారు సచివాలయానికి రాశారు.

ఇక గవర్రాజు గారి సంగతి చెప్పాలి.

గంధం గవర్రాజు గారు నాణ్యతా విభాగంలో సీనియర్ అసిస్టెంటు. ఆ విభాగానికి వేరే గది లేక ఆయన కుర్చీ మా సెక్షన్లో నా పక్కనే వేశారు. గోనె నేతను వేలితో తడిమి అది ఎన్ని వానలు తట్టుకుంటుందో చెప్పేవారు. మీసం రాకముందే సిగరెట్టు పట్టిన మనిషి. ఆయన తాగడంలో ఒక నిదానం ఉండేది, కాఫీ తాగినట్టు తాగేవారు. ఆయనకు ఒక మోకాలు అరిగిపోయింది, పరుగెత్తితే మొత్తానికే పోతుందని డాక్టరు కాగితం ఇచ్చాడు. ఆ కాగితం చూసి ముందు నరహరి గారు చిన్నబుచ్చుకున్నారు గాని, ఎం.డి. గారు సంతోషించారు. ఏ ప్రయోగానికైనా పరుగెత్తనివాళ్ళు కూడా ఉండాలట, పోల్చి చూడడానికి. మిగతా ఆఫీసు మొత్తం ఒకసారి కాకపోతే ఒకసారి పథకంలో చేరినవాళ్ళే కాబట్టి, గవర్రాజు గారు ఒక్కరే మా సంస్థకు పోలిక బృందం అయ్యారు.

"ఏం చెయ్యాలండి నేను?" అని అడిగారాయన.

"ఏమీ చేయవద్దు. ఎప్పటివలె తాగుచుండుడు," అన్నారు నరహరి గారు.

"ఉజ్జోగంలో చేరాక నాకు నచ్చిన ఆర్డరు ఇదొక్కటేనండి," అన్నారు గవర్రాజు గారు. ఆ సాయంత్రం వీరాస్వామి కొట్టు దగ్గర నాకూ, దొరబాబుకూ టీ ఇప్పించారు.

దొరబాబు మా ఆఫీసు పాత డ్రైవరు. రిటైరైపోయినా రోజూ సాయంత్రం గవర్రాజు గారి కోసం కొట్టు దగ్గరికి వచ్చేవాడు. ఇద్దరూ ఒక ఊరివాళ్ళు, ఒకే అగ్గిపుల్లతో మొదటి సిగరెట్టు వెలిగించుకున్నవాళ్ళు. దొరబాబుకు పాటంటే ప్రాణం. బండి నడుపుతూ పద్యం ఎత్తుకుంటే వెనక కూర్చున్న ఆఫీసర్లు ఫైలు మూసేసేవారు. ఆ రోజుల్లో అతని గొంతు కొంచెం బొంగురుపోయింది. ఎండాకాలం కదా అనుకున్నాం.

ఎండాకాలం అయిపోయినా గొంతు బాగుపడలేదు. బెజవాడలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. గొంతు క్యాన్సరని ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు.

గవర్రాజు గారు ఆదివారం పొద్దున బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చారు. సోమవారం ఆఫీసులో టీ వేళకు నేను లేచి, "పదండి," అన్నాను.

"మీరెళ్ళండి," అన్నారు. తనలో తను చెప్పుకున్నట్టు చెప్పారు. "మంచం మీద లేచి కూచున్నాడండి. నన్ను చూడగానే నోరు తెరిచాడు. 'ఏరా' అన్నాడండి. అన్నట్టు నాకు తెలిసింది గానీ, ఇనపడలేదు. ఇనపడలేదని ఆడికే నవ్వొచ్చింది. ఆ నవ్వూ ఇనపడలేదండి."

ఆ రోజు నుంచి ఆయన సిగరెట్టు మానేశారు.

మానేశారు అని ఒక్క మాటలో రాయడం నాకు తేలిక. పక్క కుర్చీలో కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి తేలిక కాదని తెలుసు. నమూనా సంచి తిరగేస్తూ తిరగేస్తూ దాన్ని గోడకేసి విసిరేవారు. మళ్ళీ తనే వెళ్ళి తెచ్చుకునేవారు. జేబులో లవంగాలు, వాళ్ళావిడ మంగతాయారమ్మ గారు కట్టిచ్చిన ఉప్పు శనగలు. టీ వేళకు అందరూ బయటికెళితే ఆయన కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవారు, వీరాస్వామి కొట్టు కనిపించని వైపు కిటికీ దగ్గర. ఒకరోజు కళ్ళు తుడుచుకుంటుంటే చూశాను. "లవంగం ఘాటండి," అన్నారు. నేను నమ్మినట్టే ఊరుకున్నాను.

సరిగ్గా ఆయన గట్టెక్కుతున్న రోజుల్లో సచివాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మా ఫలితాలు చూసి ముచ్చటపడి, వాటిని నిర్ధారించడానికి డాక్టర్ ఇందుమతి అనే నిపుణురాలిని పంపుతున్నారు. ఊపిరి ఊదితే ఆ మనిషి ఈమధ్య పొగ తాగాడో లేదో చెప్పే యంత్రం ఆవిడ వెంట వస్తుంది. పథకంలో ఉన్నవాళ్ళనూ, పోలిక బృందాన్నీ, రెండింటినీ పరీక్షిస్తారు.

నరహరి గారు గవర్రాజు గారిని పిలిచి, అంతా సిద్ధమే కదా అని మాటవరసకు అడిగారు.

"నేను మానేశానండి."

నరహరి గారి ముఖంలో రంగు మారడం, సంతకాల కాగితాలతో పక్కనే నిలబడ్డ నేను చూశాను. ఆయన లేచి తలుపు వేశారు.

"మానేశారా? పోలిక బృందం మొత్తం మానేసిందా?"

"మొత్తం అంటే నేనొక్కణ్ణే కదండి."

"అదే చెబుతున్నాను. పరుగెత్తినవారిలో దాదాపు అందరూ మానివేసిరి. పరుగెత్తనివారిలో నూటికి నూరు శాతం మానివేసిరి. అనగా పరుగెత్తకపోవుటయే మేలని తేలును. సంస్థ గతి ఏమి? ఎం.డి. గారి గతి ఏమి?"

నరహరి గారు సొరుగు లాగి కొత్త సిగరెట్టు పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. "పోలిక సామగ్రి" పద్దు కింద మంజూరు చేయించానని చెప్పారు. గొంతు తగ్గించి, ఎన్నడూ లేనిది మామూలు తెలుగులోకి దిగారు.

"ఆవిడ వచ్చి వెళ్ళేదాకానే గవర్రాజు గారూ. తరువాత హాయిగా మానేయండి. సూపరింటెండెంటు ప్రమోషనుకు అన్నిటికన్నా పైన ఉన్న ఫైలు మీదే. మీరు తాగితే సంతకమైపోతుంది."

గవర్రాజు గారు పెట్టె తీసుకున్నారు. ఒక సిగరెట్టు బయటికి లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆ నిమిషంలో ఆయన తాగేస్తారనే నేను అనుకున్నాను. తాగినా నేను తప్పుపట్టేవాణ్ణి కాదు. ఎంత ఇష్టంగా పీల్చారో ఆ పొగాకు వాసన. తరువాత దాన్ని తిరిగి పెట్టెలో దూర్చి, పెట్టెను బల్ల మీద నరహరి గారి వైపుకు జరిపారు.

"నాకొద్దండి. మెమో ఏదో ఇచ్చేయండి."

మెమో నేనే టైపు చేశాను. "మీరు తగు అధికారి ముందస్తు అనుమతి పొందకయే, ఆమోదిత విధానమగు వ్యాయామమును అనుసరించకయే, స్వేచ్ఛగా ధూమపానమును మానివేసి, తద్వారా సంస్థకు చెందిన పోలిక బృందమునకు పూడ్చరాని నష్టము కలిగించినారు. మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను." గవర్రాజు గారు కిందనే సంజాయిషీ రాసిచ్చారు: "దొరబాబును చూసొచ్చాక తాగబుద్ధి కాలేదు." సంజాయిషీ సంతృప్తికరముగా లేదని నరహరి గారు రాశారు.

డాక్టర్ ఇందుమతి వచ్చిన రోజున ఏడుకొండలుకూ, ఇంకా తాగుతున్న ఆ మొండి ప్రాణాలకూ ప్రత్యేక సెలవు ఇచ్చారు. మిగిలినవాళ్ళు వరసలో నిలబడి ఊదారు. యంత్రం అందరికీ సున్నా చూపించింది. ఎం.డి. గారు చప్పట్లు కొట్టారు. ఆవిడ కొట్టలేదు. సన్నగా, నెరిసిన జుట్టుతో, తొందరలేని మనిషి. నాగసుభద్ర గారి దగ్గర ఆగారు.

"ఏ సిగరెట్టు తాగేవారమ్మా?"

నాగసుభద్ర గారు కొంచెం ఆలోచించింది. "ఎర్ర పెట్టెదండి."

"ఒక పెట్టెలో ఎన్ని ఉంటాయి?"

"అయిపోయేదాకా ఉంటాయండి," అంది. డాక్టరు గారు నవ్వు ఆపుకుని ముందుకు వెళ్ళారు.

చివర్లో గవర్రాజు గారు ఊదారు. అక్కడా సున్నాయే. నరహరి గారు యంత్రానికి చార్జింగు తగ్గిందేమో అన్నారు.

భోజనాల వేళ ఎం.డి. గారి గదిలో డాక్టర్ ఇందుమతి ఓపికగా వివరించారు. మధ్యలో రాకుండా పోయినవాళ్ళను లెక్కలోంచి తీసేస్తే మిగిలినవాళ్ళు ఎప్పుడూ నెగ్గినట్టే కనిపిస్తారన్నారు. అసలు తాగనివాళ్ళు మానేశారంటే అర్థం లేదన్నారు. మానాలని గట్టిగా అనుకున్నవాడే పరుగుకూ వస్తాడేమో, అప్పుడు మాన్పించింది పరుగా, ఆ పట్టుదలా అని అడిగారు. పరుగెత్తిన కాసేపు తాగాలనిపించకపోవడం నిజమే కావచ్చు గాని, కాసేపు తాగకపోవడం వేరు, మానేయడం వేరు అన్నారు. ఈ ఊపిరి పరీక్ష కూడా నిన్నా ఇవాళా సంగతే చెబుతుందన్నారు.

ఎం.డి. గారు అంతా విన్నారు. చెడ్డమనిషి కాదు ఆయన. అందరూ తనలా పొద్దున్నే లేచి బాగుండాలని నిజంగానే కోరుకునేవారు.

"ఒక్క ముక్కలో చెప్పండి డాక్టరు గారూ. వ్యాయామం వల్ల సిగరెట్టు మానరంటారా?"

"అలా అనను. కొందరికి కొంత సాయం చేయవచ్చు కూడా. మీ దగ్గరున్న లెక్కలతో మాత్రం మానతారనీ చెప్పలేం, మానరనీ చెప్పలేం."

ఆవిడ నివేదికలోనూ ఆ వాక్యమే రాశారు. నివేదిక అందిన వారానికి మా గేటు మీద పెద్ద ఫ్లెక్సీ లేచింది. పరుగెత్తుతున్న ఎం.డి. గారి ఫోటో పక్కన, "వ్యాయామం వల్ల పొగతాగడం మానరని చెప్పలేం: రాష్ట్ర నిపుణుల నిర్ధారణ" అని పెద్దక్షరాలతో ఉంది. దాని నీడ సరిగ్గా వీరాస్వామి కొట్టు మీద పడేది. ఏడుకొండలు వాళ్ళు పరుగయ్యాక ఆ చల్లదనంలో నిలబడి తాగేవారు.

ఇక మిగిలింది గవర్రాజు గారి మెమో. ఆదర్శ సంస్థ పురస్కారానికి దరఖాస్తు పెట్టాలంటే పెండింగు గొడవలు ఉండకూడదు. నరహరి గారు నిబంధనలన్నీ తిరగేసి ఒక ఉపాయం కనిపెట్టారు. గవర్రాజు గారు పథకం ప్రారంభం నుంచీ "పరుగెత్తినట్లుగా భావింపబడును." పోలిక బృందం రద్దవుతుంది. పోల్చడానికి ఎవరూ లేకపోతే ఫలితం ఏకగ్రీవం. మెమో ఎగిరిపోతుంది, ప్రమోషను వచ్చేస్తుంది. గవర్రాజు గారు చేయాల్సిందల్లా, వ్యాయామం వల్లే మానేశానని ఒక సంతకం.

"ఆలోచించుకుని సోమవారం చెప్తానండి," అన్నారాయన.

ఆదివారం ఆయనతో పాటు నేనూ దొరబాబు ఇంటికి వెళ్ళాను. గొంతు దగ్గర చిన్న రంధ్రం, దానికి పల్చటి గుడ్డ. మనిషి సగమయ్యాడు. గవర్రాజు గారు మెమో దగ్గరనుంచి సంతకం దాకా అంతా చెప్పారు. పోలిక బృందానికి పూడ్చరాని నష్టం అన్న ముక్క దగ్గర దొరబాబు భుజాలు ఊగిపోయాయి. చప్పుడు లేకుండా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. తరువాత చెయ్యి చాచి గవర్రాజు గారి చొక్కా జేబు తడిమాడు. ఖాళీగా ఉందని చూసుకుని, ఆ జేబు మీద అరచేత్తో రెండుసార్లు మెల్లగా తట్టాడు.

సోమవారం నరహరి గారు కలం మూత తీసి అందించారు. గవర్రాజు గారు అందుకోలేదు.

"సంతకం పెట్టనండి."

"ఏం పోతుందండీ మీకు?"

"పరుగెత్తి మానేశానంటే ఆడి గొంతు చూసి మానలేదన్నట్టే కదండి. ఆడు పోగొట్టుకున్నది ఉత్తినే పోయినట్టవుద్ది. నా మూలంగా అది మటుకు జరక్కూడదండి."

నరహరి గారు చాలాసేపు ఆయన వైపు చూశారు. ఆ కాసేపు ఆయన కూడా నిబంధనల పుస్తకం గుర్తులేని మామూలు మనిషిలా కనిపించారు. తరువాత కలానికి మూత పెట్టుకుని ఫైలు తెరిచారు. మానేసినట్టు రాయాలంటే పథకం ద్వారా మానేసి ఉండాలి. పథకం ద్వారా మానలేదని ఉద్యోగే చెబుతున్నాడు. కనుక మానలేదు. ఇది నరహరి గారి తప్పు కాదు, ఫైల్లో ఇంకో గడి లేదు.

ఆ ఏడాది మా సంస్థకు పురస్కారం వచ్చింది. ఇప్పుడు మా గేటు పక్కన రాతిపలక మీద "ఒకరు మినహా ధూమపాన రహిత సంస్థ" అని చెక్కి ఉంటుంది. ఆ ఒకరు గవర్రాజు గారే. ప్రమోషను రాలేదు. ధూమపాయి కాబట్టి ఆయనకు ప్రతినెలా హితబోధ చేయాలని ఉత్తర్వు వచ్చింది. హితబోధకు అర్హత, స్వయంగా మానేసి చూపించినవారై ఉండడం. పథకంలో అందరికన్నా శ్రేష్ఠురాలిగా పతకం అందుకున్న నాగసుభద్ర గారిని ఆ పనికి నియమించారు.

మొదటి నెల హితబోధకు ఆమె రెండు గ్లాసుల మజ్జిగతో మా సెక్షన్‌కు వచ్చి, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపు ఇద్దరూ మజ్జిగ తాగారు.

"ఎలా మానాలో మీకు చెప్పమన్నారండి," అంది.

"చెప్పండమ్మా."

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. ఈసారి వేళాకోళం లేకుండా అడిగింది. "నిజం చెప్పండి, ఇంకా కష్టంగా ఉంటాదాండి?"

గవర్రాజు గారు కూడా గ్లాసు దించారు. "పొద్దున్న కాఫీ అయ్యాక ఇప్పటికీ చెయ్యి దానంతటదే జేబులోకి ఎళ్తదండి. అక్కడేమీ లేదని చేతికి తెలిసేదాకా ఓర్చుకోవాలి. రోజూ కొత్తే. మీకేం ఇబ్బంది లేదు కదా?"

"నాకైతే సులువుగానే పోయిందండి," అంది నాగసుభద్ర గారు.